సాలీళ్లు కాపలా కాసిన సార్వాలు

కార్తీకమాసంలో తెల్లవారగానే డెల్టా గట్ల మీద నడిచినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. సార్వాలో, అంటే వానకాలపు తొలి పంటలో, స్వర్ణ రకం వరి చేలు గింజ గట్టిపడి వంగే రోజులవి. రాత్రి మంచు కురిస్తే చాలు, పగలంతా కంటికి ఆనని సాలెగూళ్లు తెల్లవారేసరికి చేను నిండా బయటపడేవి. దుబ్బు నుంచి దుబ్బుకు, ఆకు కొన నుంచి కంకి దాకా వరస తప్పకుండా మెరిసేవి. గట్టు గడ్డిలో కాలు పెడితే కప్పపిల్లలు టపటపా బోదెలోకి దూకేవి. తడిసిన రెక్కలతో ఎగరలేక తూనీగలు ఆకుల చివర్న వేలాడుతూ, ఎండ పొడ తగిలాక ఒక్కొక్కటే లేచేవి. కరెంటు తీగ మీద ఏట్రింత పిట్ట, బోదె పక్కన కొంగలు సరేసరి.

ఆ చేలో ఎన్ని పురుగులు బతకాలో తేల్చింది ఇవే. ఎరువుల బస్తాల లెక్క, మందు డబ్బాల లెక్క రాసుకున్నాం గానీ వీటి లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే ఎప్పుడు తగ్గిపోయాయో కూడా సరిగ్గా చెప్పలేకపోతున్నాం.

గూడు కట్టేవి కొన్నే. అసలైన వేటగాడు గూడే కట్టని లైకోసా సాలీడు. దుబ్బు మొదట్లో, నీటికి జానెడు ఎత్తులోపు తిరుగుతుంది. వీపు మీద చీలిన గీత, బూడిద రంగు ఒళ్లు. నీటి మీద కూడా మునగకుండా పరుగెత్తుతుంది. దుబ్బును చేత్తో కదిపితే ముందుగా కిందికి ఉరికేది ఇదే. ఆడది గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది. పిల్లలు బయటికొచ్చాక అరవై, ఎనభై దాకా తల్లి వీపు మీదే ఎక్కి కూర్చుంటాయి. వంగి చూసే ఓపిక ఉన్నవాళ్లకే కనబడే దృశ్యం అది. ఒక్క లైకోసా పైరు రసం పీల్చే దోమలను రోజుకు 5 నుంచి 15 దాకా తింటుంది. పొడుగు కాళ్లను ఆకు పొడవునా చాపుకుని, ఆకుతో కలిసిపోయి పడుకునే సన్నటి సాలీడు మరొకటి. పొద్దున మనం చూసిన గూళ్లలో చాలావరకు దానివే. అది రోజుకు రెండు మూడు పురుగులతో సరిపెట్టుకుంటుంది. నీటి మీద గుంపులుగా తేలుతూ, దుబ్బు మీంచి జారిపడిన దోమపిల్ల మీద నలుగురైదుగురు కలిసి పడే చిట్టి నీటినల్లులు ఇంకో దండు.

వీటన్నిటికీ ఆహారమైనదీ, మన రైతుల్ని నిద్రపోనివ్వనిదీ ఒక్కటే: సుడిదోమ. గోధుమ రంగులో మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు. గట్టు మీంచి చూస్తే చేను పచ్చగా నిగనిగలాడుతుంటుంది. లోపల దుబ్బు మొదట్లో అది గుంపులుగా చేరి రసం పీలుస్తుంటుంది. ముందు అడుగాకులు పసుపెక్కుతాయి, దుబ్బు మీద జిగురు కారి మసి పడుతుంది. తర్వాత చేను మధ్యలో గుండ్రంగా ఎండిపోయిన మచ్చ కనబడుతుంది. వారం తిరక్కుండానే ఆ మచ్చ పక్క మడిలోకి పాకుతుంది.

దీని సంతానం లెక్క చూస్తే భయం వేస్తుంది. ఒక ఆడది సుమారు 200 గుడ్లు పెడుతుంది. గుడ్డు వారం నుంచి తొమ్మిది రోజుల్లో పొదుగుతుంది, పిల్ల మరో రెండు వారాల్లో పెద్దదవుతుంది. స్వర్ణ లాంటి 150 రోజుల పంటలో మూడు తరాలు తేలిగ్గా గడుస్తాయి. రెండొందల గుడ్లలో సగం ఆడవనుకుందాం. అన్నీ బతికితే మూడు తరాలకు ఒక్క ఆడదోమ పది లక్షల ఆడదోమలవుతుంది. అలా జరగదు, తినేవి ఉన్నాయి కాబట్టి. వందలో రెండే బతికాయనుకోండి, మూడు తరాలకు ఒకటి ఎనిమిదవుతుంది. ఎనిమిది దోమలను చేను పట్టించుకోదు. అదే వందలో పది బతికితే ఒకటి వెయ్యవుతుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడా కేవలం ఎనిమిది ఆడపిల్లలు, ఒక తరంలో ఒక తల్లికి. ఆ ఎనిమిదింటిని తినిపెట్టేది సాలీడూ, మిరిడ్ నల్లీ, నీటినల్లీ. చేను నిలబడటం, ఎండిపోవటం ఆ సన్నటి తేడా మీద ఆధారపడి ఉన్నాయి.

మిరిడ్ నల్లి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దానికి జరిగిన అన్యాయం పెద్దది. ఆకుపచ్చ ఒంటి మీద నలుపు, సన్నటి మీసాలు, చూడగానే పచ్చదోమ అనిపిస్తుంది. దోమ తన గుడ్లను ఆకు తొడిమ కండలోకి దూర్చి పెడుతుంది. సాలీడుకు ఆ గుడ్లు అందవు. మిరిడ్ నల్లి మాత్రం సూది మూతిని తొడిమలోకి గుచ్చి గుడ్డును పీల్చేస్తుంది, రోజుకు ఏడు నుంచి పది గుడ్లు, లేదా ఒకటి నుంచి ఐదు దోమపిల్లలు. దోమ ఎక్కువైన చోటికి వెతుక్కుంటూ వస్తుంది, అక్కడే పెరుగుతుంది. కాబట్టి దోమ బాగా ఉన్న చేలోనే ఇదీ బాగా కనబడుతుంది. రెండూ ఒక్కచోటే కనబడేసరికి రెండూ పురుగే అనుకున్నారు. మిరిడ్ నల్లి ఎక్కువై, దోమ ఇక తగ్గుముఖం పట్టబోయే రోజునే "పురుగు విపరీతంగా ఉంది" అని ట్యాంకు భుజాన వేసుకున్న చేలెన్నో.

సుడిదోమ మనకు పాత శత్రువేం కాదు. నెల్లూరు వైపు మొలగొలుకులు, గోదావరి వైపు అక్కుళ్లు పండించిన కాలంలో దోమ ఉండేది, కానీ దాని పేరు చెప్పుకుని భయపడిన ఊళ్లు తక్కువ. ఎత్తు పెరిగే వరి, పలచటి నాట్లు, పశువుల ఎరువు, పచ్చిరొట్ట. దుబ్బు మొదట్లోకి గాలీ వెలుతురూ వెళ్లేవి. 1960ల చివర్లో ఐఆర్-8 వంటి పొట్టి వంగడాలు, యూరియా, వాటి వెంటే పురుగుమందులు వచ్చాయి. ఆ వంగడాల్ని తప్పుపట్టలేం, కడుపు నింపినవి అవే. చిక్కంతా మూడూ ఒకేసారి కలవడంతో వచ్చింది. కుదురుగా, దట్టంగా పెరిగిన పైరు నీడ దోమకు నచ్చింది. నత్రజని ఎక్కువైన మొక్క రసం తాగిన దోమ గుడ్లు ఎక్కువ పెట్టింది. తినేవాటిని మందు చంపింది. 1973–74లో కేరళ వరి చేలను సుడిదోమ దెబ్బతీసింది. ఆ దశాబ్దంలోనే ఆసియా అంతటా, ఫిలిప్పీన్స్ నుంచి ఇండోనేషియా దాకా ఇదే కథ.

బి.హెచ్.సి. పురుగుమందు పొడి గుడ్డసంచిలో పోసి చేను మీద దులిపిన రోజులు, ఎండ్రిన్ కొట్టిన మర్నాడు బోదెల్లో చేపలు వెల్లకిలా తేలిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఎండ్రిన్‌ను 1990లో, బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. అవి పోయాయి గానీ ఆ అలవాటు పోలేదు. తర్వాత వచ్చిన సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ రకం మందులు సుడిదోమ విషయంలో ఇంకా చెడ్డవి.

మందు కొడితే దోమ పెరగడమేమిటని ఇప్పటికీ అడుగుతారు. జరిగేదిది. మందు పైన ఆకుల మీద పడుతుంది, దోమ అడుగున నీడలో ఉంటుంది. తొడిమ లోపలి గుడ్లకు మందు అంటదు. సాలీడు చేనంతా తిరుగుతుంది కాబట్టి తడిసిన ప్రతి ఆకు మీదా దానికి మందు తగులుతుంది, చస్తుంది. వారం తిరిగేసరికి గుడ్లు పొదిగి పిల్లలు బయటికొస్తాయి, వాటిని తినేవాళ్లు చేలో ఎవరూ ఉండరు. సాలీడు మళ్లీ గట్టు మీంచి రావాలి, గుడ్ల సంచి పెట్టాలి, పిల్లలు ఎదగాలి. దానికి నెలలు కావాలి. దోమకు నెల కూడా అక్కర్లేదు, పైగా పొడుగు రెక్కల దోమలు పక్క ఊళ్ల చేల నుంచి ఎగిరొచ్చి వాలతాయి. ఇంకొకటి కూడా ఉంది. చావనంత తక్కువ మోతాదులో డెల్టామెత్రిన్, మిథైల్ పారాథియాన్ తగిలిన దోమ మామూలు కంటే ఎక్కువ గుడ్లు పెడుతుందని ప్రయోగాల్లో తేలింది. మొదటిసారి కొట్టాక పెరిగింది కదా అని రెండోసారి, తర్వాత రెండు మందులు కలిపి మూడోసారి. చివరికి ఎండిన మచ్చలు ఎక్కువగా ఉన్న చేలు ఎక్కువసార్లు కొట్టిన చేలే అయ్యేవి.

ఇండోనేషియా ఈ పాఠం దేశం మొత్తానికీ నేర్చుకుంది. అక్కడ పురుగుమందుల మీద ప్రభుత్వం భారీగా రాయితీ ఇచ్చేది. సుడిదోమను తట్టుకునే వంగడాలు తెచ్చారు. కొన్నేళ్లకే దోమ వాటికి అలవాటు పడింది. ఫిలిప్పీన్స్ చేలల్లో కీటక శాస్త్రవేత్త పీటర్ కెన్మోర్, ఆయన తోటివాళ్లు మందు కొట్టిన మడి, కొట్టని మడి పక్కపక్కనే పెట్టి దోమల్నీ సాలీళ్లనూ లెక్కపెట్టి, దోమ విజృంభణకు మందే కారణమని చూపించారు. 1986 నవంబరులో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం 57 రకాల పురుగుమందులను వరిలో వాడకూడదని ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. 1989 నాటికి రాయితీ కూడా ఎత్తేసింది. మందు వాడకం బాగా తగ్గింది, వరి దిగుబడి తగ్గలేదు. రైతులను చేలోకి దించి, పురుగును చేతిలో పెట్టి చూపించే పొలంబడులు అక్కణ్నుంచే ఆసియా అంతా పాకాయి. మన ఊళ్లలో నడిచిన పొలంబడికీ మూలం అదే.

జావా చేలల్లోనే తేలిన ఇంకో సంగతి మన పాత పద్ధతిని చక్కగా వివరిస్తుంది. నాట్లు వేసిన మొదటి నెలలో చేలో దోమ దాదాపు ఉండదు. మరి సాలీళ్లు ఏం తిని బతుకుతాయి? నీళ్లలో కుళ్లే ఆకూ అలమూ మీద సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని తిని ఎర్రటి సన్నటి పురుగులు బురదలో పెరుగుతాయి, అవి కుట్టని చిన్న దోమలై గుంపులుగా పైకి లేస్తాయి. సాయంత్రాల్లో నాట్ల మడి మీద పొగలా తిరిగేవి ఇవే. వీటివల్ల పైరుకు నష్టమేమీ లేదు. సాలీళ్లకు మాత్రం ఇదే తొలి భోజనం. వీటిని తిని సాలీళ్లు పెరిగి, తర్వాత సుడిదోమ వాలే వేళకు సిద్ధంగా ఉంటాయి. జీలుగ, జనుము, పిల్లిపెసర కలియదున్ని నాటిన మడిలో ఈ దోమలు బాగా లేచేవి. అంటే పచ్చిరొట్ట నేలకు ఎరువు వేస్తూనే, నెల ముందుగా సాలీళ్లకూ మేత వేసిందన్నమాట.

తినేవాటి విలువంతా పురుగు తక్కువగా ఉన్నప్పుడే. దుబ్బుకు ఒకటి రెండు దోమలున్నప్పుడు రెండు సాలీళ్లు దాన్ని అక్కడే ఆపేస్తాయి. దుబ్బుకు వందల దోమలయ్యాక ఆ రెండు సాలీళ్లూ కడుపు నిండాక కూర్చుంటాయి. తినగలిగింది తింటాయి, మిగతావి పెరుగుతాయి. ఈ సంగతి పట్టించుకోకుండా మనం మొదటి మందు ఎప్పుడు కొడతాం? నాటిన ఇరవై, పాతిక రోజులకు, ఆకుముడత కాస్త కనబడగానే. అంటే కాపలావాళ్లు లెక్కకు పెరిగే రోజుల్లోనే వాళ్లను తుడిచిపెడుతున్నాం. నిజానికి పిలకలు వేసే వయసులో పైరు కొన్ని ఆకులు పోయినా తిరిగి పుంజుకుంటుంది. నాటిన 30 రోజుల దాకా ఆకుముడత కోసం మందు జోలికి వెళ్లనక్కర్లేదు.

పాతవాళ్లు దానికి తాడు లాగేవారు. మడికి అటొకరు ఇటొకరు గట్ల మీద నిలబడి, తాడునో ముళ్లకంపనో పైరు మీదుగా రెండు మూడుసార్లు లాగితే ముడతలు విచ్చుకుని పురుగులు నీళ్లలో పడేవి. ఆ పని పూర్తయ్యేది కప్పలూ పరిగె చేపలూ ఉన్నప్పుడే. నీళ్లు లేని మడిలోనో, కప్పలు లేని మడిలోనో తాడు లాగితే పురుగు మళ్లీ పాకుతూ ఆకెక్కుతుంది. తొలకరి రాత్రి పసుపు రంగు తిరిగిన మగ బోదురుకప్పలు చెవులు దద్దరిల్లేలా అరిచేవి, పక్కవాడి మాట వినబడేది కాదు. ఆ బోదురుకప్పల కాళ్లనే 1970ల్లో, 80ల మొదట్లో వేల టన్నుల కొద్దీ యూరప్, అమెరికాలకు ఎగుమతి చేసింది మన దేశం. 1987లో ఆపేశారు. బోదురుకప్ప పురుగుల్నే కాదు, పీతల్ని, చిట్టెలుకల్ని కూడా మింగుతుంది. అది తగ్గితే చేలో చాలా లెక్కలు మారతాయి.

ఎలుకల సంగతీ ఇదే తీరు. వేసవిలో కాలువలు కట్టేసి చేలు బీడుగా ఉన్నప్పుడు ఎలుకలు తక్కువగా, గట్లకే పరిమితమై ఉంటాయి. జెర్రిపోతు, గుడ్లగూబ, ముంగిస తిన్న ప్రతి ఎలుకా అప్పుడు లెక్కలోకి వస్తుంది. పైరు పొట్టకొచ్చి ఎలుకలు ఈతల మీద ఈతలు వేసే వేళ వీటి తిండి ఏ మూలకూ రాదు. తాటాకు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదుల్ని జూన్‌లో, నాట్లకు ముందు, ఊరంతా కలిసి పిలిపించింది అందుకే. ఒక్కరి చేలో పెడితే పక్క గట్టు నుంచి మళ్లీ వస్తాయి. మందు ఎర పెట్టాల్సి వస్తే 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడయోలోన్ కలిపి, ముందురోజు కన్నాలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే పొట్లం వేయాలి. గట్టు మీద చల్లకూడదు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నాళ్లు మత్తుగా తిరుగుతుంది, గుడ్లగూబకు తేలిగ్గా దొరుకుతుంది. విషం దానికీ చేరుతుంది. చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చిపెట్టడం తప్పనిసరి. జెర్రిపోతును చూసిన చోటల్లా కొట్టి చంపడం మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఎవరినీ కరిచి చంపే పాము కాదది, విషమే లేదు.

ఇప్పుడు ఆ కాపలాను తిరిగి తెచ్చుకోవాలనుకునేవాళ్లు మొదట అలవాటు చేసుకోవాల్సింది దుబ్బు లెక్క. ఎకరంలో ఐదు చోట్ల, చోటుకు నాలుగేసి దుబ్బులు, మొత్తం ఇరవై. గట్టు పక్క వరసలు వదిలేసి లోపలికి వెళ్లాలి. దుబ్బును ఒక పక్కకు వంచి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి, నీటి మీద ఏం పడ్డాయో చూడాలి. దోమలూ, సాలీళ్లూ, మిరిడ్ నల్లులూ విడివిడిగా రాసుకోవాలి. పొద్దున పదింటి లోపు చూస్తే మంచిది. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక తర్వాత 20–25 దోమలు దాటితేనే మందు ఆలోచన. అప్పుడు కూడా సాలీళ్లు, మిరిడ్ నల్లులు బాగా కనబడుతుంటే ముందు నీళ్లు తీసేసి, మూడు నాలుగు రోజులాగి మళ్లీ లెక్క చూడొచ్చు. యూరియా ఆపాలి. కొట్టక తప్పకపోతే బుప్రోఫెజిన్ లీటరు నీటికి 1.6 మి.లీ., లేదా పైమెట్రోజిన్ 0.6 గ్రాములు, దుబ్బు మొదళ్లు తడిసేలా. బుప్రోఫెజిన్ దోమపిల్ల కుబుసం విడవకుండా చేసి చంపుతుంది, సాలీళ్ల జోలికి పెద్దగా పోదు. పెద్ద దోమలు మాత్రం వెంటనే చావవు, అది చూసి పనిచేయలేదని మర్నాడే ఇంకో మందు కలపకూడదు. నాటేటప్పుడే రెండు మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు–పడమరలుగా వదిలితే వెలుతురూ దిగుతుంది, మందు కొట్టే మనిషికి మొదళ్లూ అందుతాయి. సుడిదోమను కొంత తట్టుకునే విజేత, కాటన్‌దొర సన్నాలు వంటి రకాలు దోమ తరచుగా వచ్చే ఊళ్లకు మేలు, కానీ తినేవాళ్లు లేని చేలో ఏ వంగడమూ ఎల్లకాలం తట్టుకోదు.

రెండోది గట్టు. గడ్డిమందు కొట్టి ఎర్రగా మాడ్చిన గట్టు మీద సాలీడు తలదాచుకోలేదు. గట్టు మీద నువ్వులు, మినుము, అలసంద, బంతి వేస్తే వాటి పూతేనె దోమ గుడ్లలో గుడ్లు పెట్టే చీమ కన్నా చిన్న కందిరీగలకు ఆహారం. చైనా, వియత్నాం, థాయ్‌లాండ్‌లలో వరి గట్ల మీద ఇలా పూలమొక్కలు వేసి చూస్తే పురుగుమందు వాడకం 70 శాతం తగ్గి, దిగుబడి 5 శాతం పెరిగింది. మనకు గట్టు మీద కంది, నువ్వులు కొత్తేమీ కాదు.

ఇక కోత అయ్యాక. మిషను కోసిన చేలో గడ్డికి నిప్పు పెడితే సాలీళ్లు, వాటి గుడ్ల సంచులు, పురుగుల్ని తినే పెంకుపురుగులు అన్నీ ఒక్క పూటలో పోతాయి. గడ్డి తీసేసేవాళ్లు కొన్ని కట్టలు వదులుగా కట్టి గట్ల వెంట అక్కడక్కడా నిలబెడితే సాలీళ్లు వాటిలో చేరతాయి. దాళ్వా (రెండో పంట) కోత నుంచి కాలువ నీళ్లొచ్చే దాకా ఆ కట్టలు అలాగే ఉంచాలి. దమ్ము చేసేటప్పుడు వాటిని తడవకుండా గట్టు మీదే ఉంచి, నాట్లు వేసిన వారానికి మడిలోకి జరిపి దుబ్బుల మధ్య పెడితే సరిపోతుంది.